మూడు బస్సులు కలిసే చోట

మొన్న మాఘమాసంలో మా వీధి ఆడవాళ్లతో కలిసి కాళీమాత దర్శనానికి కలకత్తా వెళ్లాను. ఆ తల్లి దయవల్ల దర్శనం తృప్తిగా జరిగింది. తిరిగొస్తూ ట్రాము ఎక్కాం. రోడ్డు మధ్యన పట్టాల మీద, పక్కన నడిచే మనుషులతో పోటీ పెట్టుకోకుండా నింపాదిగా పోయే బండి అది. చాలా దారుల్లో ఎత్తేశారట, ఒకటీ అరా మిగిలాయట. మావాళ్లంతా కిటికీల్లోంచి ఊరు చూస్తుంటే నేను మాత్రం కండక్టరు చేతినే చూస్తూ కూర్చున్నాను. ఆయన తాడు లాగగానే ముందు డ్రైవరు దగ్గర గంట మోగేది. బండి కదిలేది.

పక్క సీటులో తెలుగు వచ్చిన పెద్దాయన ఒకరు కూర్చుంటే మాట కలిపాను. వెనకటి రోజుల్లో ఒక ట్రాము దిగి ఇంకొకటి ఎక్కుతూ ఊరు ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్లిపోయేవారని ఆయన చెప్పాడు.

"దిగినవాళ్ల కోసం రెండో ట్రాము ఆగేదా బాబూ?" అని అడిగాను.

ఆయన నవ్వాడు. "ఎందుకాగుతుందమ్మా, వెనకాల ఇంకోటి వస్తుంది కదా."

వెనకాల ఇంకోటి రాని చోట నేను పాతికేళ్లు బస్సు కండక్టరుగా పనిచేశాను.

భుజాన టికెట్ల మిషను తగిలించుకుని కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయిలూ, ఇది మీకోసం రాస్తున్నాను. నా గొప్ప చెప్పుకోవడానికి కాదు. ఒక రోజు నేను ఒక తప్పు చేశాను. ఆ తప్పు ఒక ఆడపిల్ల మెడకి చుట్టుకోకుండా కొందరు కాపాడారు. సాయంత్రం దీపం పెట్టాక ఆ రోజు నాకు మేలు చేసినవాళ్లని ఒక్కొక్కరినీ తలుచుకోవడం నాకు అలవాటు. చాలామంది మరునాటికి మారిపోతారు. వీళ్లు మాత్రం ఇన్నేళ్లుగా రోజూ ఉంటూనే ఉన్నారు.

పాచిపెంట పైన కొండ మీద మూడు దారులు కలిసే జంక్షన్ ఒకటి ఉంది. ఒక దారి అరకు వైపు నుంచి వస్తుంది. ఇంకొకటి ఒడిశా సరిహద్దు ఊళ్ల నుంచి. మూడోది ఘాట్ దిగి సాలూరు పోతుంది. నాది ఆ ఘాట్ బస్సు. తెల్లవారుతూ కొండ ఎక్కి జంక్షన్ చేరేవాళ్లం. మిగతా రెండు దారుల నుంచి రెండు బస్సులు వచ్చేవి. వాటిలోంచి దిగినవాళ్లు మా బస్సు ఎక్కేవారు, మా బస్సులో వచ్చినవాళ్లు ఆ బస్సులు ఎక్కేవారు. చింతపండు బుట్టలు, కొండచీపుళ్ల కట్టలు, కాళ్లు కట్టిన కోళ్లు అన్నీ ఈ బస్సు మీంచి ఆ బస్సు మీదకి మారేవి. పావుగంట గోల. తర్వాత మూడు బస్సులూ ఎటు వచ్చినవి అటు తిరిగి వెళ్లిపోయేవి. ఆ తర్వాత సాలూరు దిగే బస్సు పదకొండింటికి గాని లేదు.

అందుకని అక్కడ ఒక పద్ధతి ఉండేది. మూడు బస్సులూ కలిస్తే గాని ఏదీ కదలకూడదు. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. డిపోలో ఇచ్చే టైము చార్టులో అది లేదు. చార్టు ప్రకారం నేను ఏడుంబావుకల్లా జంక్షన్ వదిలిపోవాలి. కాని ఆ దారిలో నాకు ముందు పనిచేసిన కండక్టర్లందరూ ఆగారు. నేనూ ఆ రూటులో మొదటి మూడు నెలలు ఆగాను.

ఆగినందుకు రెండు మెమోలు వచ్చాయి. సాలూరు ఆలస్యంగా చేరుతున్నావని. మూడోది వస్తే ఆ రూటు నుంచి తీసేస్తామన్నారు. ఆ రూటులో ఉంటే దీపాల వేళకి ఇల్లు చేరతాను. అది పోతే ఏ దూరపు బస్సుకి వేస్తారో. అది నా భయం. పెద్ద భయమేమీ కాదని ఇప్పుడు అనిపిస్తుంది. ఆ రోజుల్లో మాత్రం చాలా పెద్దదిగా కనిపించింది.

మా డ్రైవరుగారు అప్పటికి రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్నారు. నేను అన్నయ్యగారూ అనేదాన్ని. రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. హారను మాత్రం మాట్లాడినట్టే కొట్టేవారు. ఒక్కో మలుపుకి ఒక్కో రకం.

ఆ రోజు సంత రోజు. మార్చి నెల, చింతపండు సీజను. ఒడిశా వైపు బస్సు ముందే వచ్చేసింది. మా బస్సు నిండిపోయింది. ఏడుంబావు దాటింది, అరకు వైపు బస్సు రాలేదు. ఏడున్నర కావస్తోంది. నేను మెట్టు మీద నిలబడి గడియారం చూసుకుంటున్నాను.

"వెళ్దామా అన్నయ్యగారూ?" అన్నాను.

"ఇంకా రాలేదు కదమ్మా," అన్నారాయన అద్దంలో చూస్తూ.

"చార్టు ప్రకారం ఇప్పటికే ఆలస్యం. ఇంకో మెమో నా వల్ల కాదండీ."

అప్పుడే దూరంగా ఒక హారను వినిపించింది. కొండ వంపులోంచి. లారీ అయ్యుంటుంది అనుకున్నాను. అనుకున్నాను అని రాశాను గాని, పన్నెండేళ్లుగా బస్సుల్లో తిరుగుతున్నదాన్ని, బస్సు హారనుకీ లారీ హారనుకీ తేడా తెలియకపోవడం ఏమిటి? తెలుసు. తెలిసి కూడా గంట కొట్టాను. అన్నయ్యగారు ఒక్క క్షణం చెయ్యి కదపలేదు. తర్వాత గేరు వేశారు. బస్సులో గంట కండక్టరుది. గంట కొడితే డ్రైవరు కదలాలి.

ఘాట్ మధ్యలో ఒకే ఒక మలుపు దగ్గర ఫోనులు పనిచేసేవి. ఆ మలుపు రాగానే బస్సులో ఉన్న ఫోనులన్నీ ఒకేసారి మోగేవి. ఆ రోజు ముందు మోగింది నాదే. అరకు వైపు బస్సు కండక్టరు. కుర్ర మనిషి, ఎప్పుడూ నవ్విస్తూ ఉండేవాడు. ఆ రోజు గొంతులో నవ్వు లేదు.

"అమ్మా, నీకో దండం! ఎల్లిపోనావేటి?"

"మీరెందుకు ఆలస్యమయ్యారు?"

"టైరు పోనాదమ్మా. అది ఒగ్గేయి. మిగతావోలు పదకొండింటి బస్సుకొత్తారు గాని, నా బస్సులో పరీక్ష రాసే గుంట ఉంది. పదో తరగతి. తొమ్మిదిన్నరకి సాలూరులో పరీక్ష. ఇక్కడ రోడ్డు మీద నిలబడిపోనాది. ఏడ్సడం కూడా నేదు, అలగే సూత్తంది. నాకు బయమేత్తంది."

ఆ పిల్ల గురించి తర్వాత తెలిసిన సంగతి ఇక్కడే చెప్పేస్తాను. హాస్టల్లో చదువుతుంటే తల్లికి జబ్బు చేసి ఇంటికి వచ్చేసింది. రెండేళ్లు తల్లిని చూసుకుంటూ, అడిగి తెచ్చుకున్న పుస్తకాలతో ఇంట్లోనే చదువుకుని ప్రైవేటుగా పరీక్షకి కట్టింది. అందుకే సెంటరు సాలూరులో పడింది. ఆ రోజు మొదటి పరీక్ష. అది తప్పితే మిగతావి రాసీ లాభం లేదు. మళ్లీ కట్టడానికి ఇంట్లో ఒప్పుకునే పరిస్థితి కాదు. పెళ్లి మాటలు నడుస్తున్నాయి.

ఇదంతా ఆ నిమిషంలో నాకు తెలియదు. పరీక్ష అన్న ఒక్క మాట చాలింది. నేను బడికి వెళ్లి చదివినదాన్ని కాదు. మా మేనత్త పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించింది, ఎక్కాలు వల్లె వేయించింది. పదో తరగతి ప్రైవేటుగా రాశాను. ముక్కూ మొహం తెలియని పిల్లల మధ్య, చెమటకి తడిసిన హాలు టికెట్టు పట్టుకుని, నేనిక్కడికి రాదగినదాన్నేనా అని వణికిన వణుకు ఇప్పటికీ గుర్తుంది. ఆ గేటు దాకా కూడా చేరకుండా ఒక పిల్లని రోడ్డు మీద వదిలేసి వచ్చాను.

"బస్సు ఆపండి అన్నయ్యగారూ," అన్నాను.

ఆయన అప్పటికే ఆపేశారు.

వెనక్కి తిప్పడానికి ఆ ఘాట్లో చోటు లేదు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. ఒకటే దారి కనిపించింది. జంక్షన్ నుంచి కిందికి కాలిబాట ఉంది. రోడ్డు చుట్టూ తిరిగి వచ్చే దూరాన్ని ఆ బాట నిట్టనిలువుగా కోసేస్తుంది. "కాలిబాటన పంపించు, ఈ మలుపులోనే ఆగి ఉంటాను," అని ఫోనులో చెబుతున్నాను.

ముందు సీటులోంచి ఒక అవ్వ నా చీర కొంగు పట్టుకుని లాగింది. జంక్షన్ దగ్గర్లోని ఊరు ఆమెది. ప్రతి సంతకీ దిగేది. ముక్కుకి రెండు వైపులా ముక్కెరలు, కాళ్లకి చెప్పులు ఉండవు, సీటు కింద ఎప్పుడూ చింతపండు బుట్ట.

"ఆ తోవ ఇక్కడికి దిగదమ్మా. ఇంకా రెండు మలుపులు కింద, ఉసిరి సెట్టు కాడ దిగుద్ది. మద్దిన గెడ్డ ఉన్నాది. గెడ్డ దాటినాక తోవ రెండైపోద్ది. తెలీనోలు పసుపు తోటలోకి ఎల్లిపోతారు. ఆ గుంట అటేపు ఊరిది, ఈ తోవ ఎరగదు."

"మరెలా అవ్వా?"

"ఏటుంది? నానెదురెల్తాను."

"మీరు అంత ఎక్కగలరా?"

"నిన్న ఎక్కినాను. మొన్న ఎక్కినాను. ఈయేల కొండేటి, పెరిగిపోనాదా?"

ఫోనులో ఆ మాటే చెప్పాను. గెడ్డ దాకా, అంటే ఆ వాగు దాకా వచ్చి ఆగమని, అవ్వ ఎదురొస్తుందని. రెండు మలుపులు దిగి ఉసిరి చెట్టు దగ్గర బస్సు పక్కకి తీసి ఆపించాను. అవ్వ బుట్ట నా కాళ్ల దగ్గర పెట్టింది. "సూత్తుండు, కోళ్లు పొడిసేత్తాయి," అని దిగి, రోడ్డు వార పొదల్లోకి వెళ్లిపోయింది. ఆ పొదల మధ్య దారి ఉందని మూడు నెలలుగా నాకు తెలియనే తెలియదు.

ఇప్పుడు బస్సులో ఉన్నవాళ్లకి చెప్పాలి. అందరూ సంతకి పోయేవాళ్లు. ముందు చేరినవాడి సరుకే ముందు అమ్ముడుపోతుంది. నేను మెట్టు మీద నిలబడి, "అరకు వైపు బస్సు ఆలస్యంగా వచ్చిందండీ. అందులో పరీక్ష రాసే పిల్ల ఉంది. కాసేపు ఆగుదాం, దయచేసి," అన్నాను. చూశారా, నేను గంట కొట్టిన సంగతి అందులో లేదు.

మధ్య సీటులో తెల్లచొక్కా వేసుకున్న రైతు ఒకాయన లేచాడు. కింద ఊళ్లో పొలం ఉన్నవాడు, కొండ మీదకి ఏదో పని మీద వచ్చి తిరిగి వెళ్తున్నాడు.

"ఒకలి పరీక్ష కోసం ఇంతమంది కూకోవాలేటమ్మా? నాకు పదిన్నరకి కోర్టు వాయిదా ఉన్నాది."

వెనక నుంచి ఒకావిడ అందుకుంది. "నీకు వాయిదాలు మళ్లీ ఇత్తారు కదేటి బాబూ! ఏడేళ్ల నుంచీ ఇత్తన్నారు. పరీక్షకి వాయిదా ఎయ్యరు."

బస్సు బస్సంతా నవ్వింది. ఆయన కూడా ఆపుకోలేక నవ్వేశాడు. "నీకెలా తెల్సు ఏడేళ్లని?"

"ఈ బస్సెక్కిన పెతీసారీ నువ్వే సెప్తావు."

ఆయన కూర్చున్నాడు. కూర్చుని చేతి గడియారం విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. అప్పటి నుంచి ఐదేసి నిమిషాలకి ఒకసారి టైము చెప్పడం తన పని చేసుకున్నాడు. "ఎనిమిదైంది." కాసేపటికి, "ఎనిమిదీ ఐదు." ఆ గొంతులో మొదట విసుగు ఉండేది. ఎనిమిదీ పదికల్లా అది కంగారుగా మారింది. "ఇంకా రాదేటి?" అని తనే కిందికి దిగి పొదల దగ్గర నిలబడ్డాడు.

నేను కళ్లు మూసుకుని ఏమని దణ్ణం పెట్టుకున్నానో చెప్పాలంటే సిగ్గుగా ఉంది. దేవుడా, ఆ పిల్లని చేర్చు అని మొదలుపెట్టి, నా తప్పు బయటపడనీయకు అని ముగించాను. ఒకే దణ్ణంలో రెండూ కోరుకున్నాను. ఆయన మొదటిది ఇచ్చాడు.

పైనుంచి అవ్వ కూత వినిపించింది. కొండ మనుషులు ఒకరినొకరు పిలుచుకునే పొడుగాటి కూత. మాటలుండవు. కొండలోంచి కొండలోకి పోతుంది. జవాబు రాలేదు. మళ్లీ కూత. బస్సులో ఎవరూ మాట్లాడటం లేదు, కోళ్లు తప్ప. మూడోసారి కూతకి, చాలా పైనుంచి, సన్నగా ఇంకో కూత వచ్చింది.

"దొరికినాది!" అని బస్సులో ఆడవాళ్లందరూ ఒకేసారి అన్నారు. అన్నయ్యగారు ఇంజను స్టార్టు చేశారు. పిల్ల ఇంకా రాలేదు, అయినా స్టార్టు చేశారు. ఆ శబ్దం వింటే దానికి ధైర్యం వస్తుందని అనుకున్నారట. తర్వాత ఎప్పుడో చెప్పారు.

ఎనిమిదీ ఇరవైకి పొదలు కదిలాయి. ముందు అవ్వ, వెనక పిల్ల. ఓణీ నడుముకి బిగించి కట్టింది. చెప్పులు చేతిలో ఉన్నాయి. ఇంకో చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో హాలు టికెట్టు, రెండు పెన్నులు. కుడి కాలి బొటనవేలు రాయికి తగిలి చితికిపోయి నెత్తురు కారుతోంది. తెల్లచొక్కాయన ఆ పిల్ల చేతిలోంచి కవరు అందుకుని, దేవుడి ప్రసాదంలా రెండు చేతులతో పట్టుకుని బస్సెక్కాడు. నేను నా సీసాలో నీళ్లతో కాలు కడిగి, రుమాలు చింపి కట్టు కట్టాను. కడుగుతున్నంతసేపూ తల ఎత్తలేదు. ఆ పిల్ల మొహం చూడటానికి నాకు మొహం చాలలేదు.

"థాంక్సండి మేడమ్," అంది.

అవ్వ సీటులో కూర్చుని బుట్ట తడుముకుంది. "ఒలమ్మా, నిజంగానే పొడిసేసినాయి!"

అన్నయ్యగారు ఆ రోజు తోలినట్టు మళ్లీ ఎప్పుడూ తోలలేదు. వేగం కాదు. ఘాట్లో వేగం పనికిరాదు. ఎక్కడా ఒక్క నిమిషం వృథా కాకుండా తోలారు. దారిలో దిగాల్సినవాళ్లు నలుగురున్నారు. స్టాపు రాకముందే లేచి, సామాన్లు చేతిలో పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డారు. బస్సు పూర్తిగా ఆగీ ఆగకముందే దిగిపోయారు. మీరెవరూ అలా దింపకండి, అది తప్పు. ఆ రోజు వాళ్లు నా మాట వినలేదు. కింద చెయ్యెత్తినవాళ్లకి కిటికీల్లోంచి ఆడవాళ్లే చెప్పేశారు, "పరీక్ష బస్సు! ఎనక దాన్లో రండి!" అని. చదువు రాని ఆడవాళ్లు గర్వంగా అలా అరుస్తుంటే నా కళ్లు నిండిపోయాయి.

సాలూరు చేరాక బస్సు స్టాండులోకి వెళ్లలేదు. అన్నయ్యగారు నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు. స్కూలు ఉన్న వీధిలోకి తిప్పేశారు. సన్నని వీధి. ఒక తోపుడు బండిని తెల్లచొక్కాయన దిగి పక్కకి తోయాల్సి వచ్చింది. తొమ్మిదీ ఇరవై ఆరుకి గేటు ముందు ఆగాం. పిల్ల కుంటుకుంటూ లోపలికి పరిగెత్తింది. గేటు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి చేతులు జోడించింది. బస్సంతా చెయ్యి ఊపింది. నేను తప్ప.

పిల్ల పాసైందా అని మీరు అడుగుతారు. పాసైంది. లెక్కల్లో బొటాబొటిగా, తెలుగులో బాగా. పెళ్లి మాటలు కొన్నాళ్లు వెనక్కి వెళ్లాయి. ఆ తర్వాత నర్సింగులో చేరిందని విన్నాను. కానీ నేను చెప్పదలుచుకున్నది అది కాదు.

మూడో మెమో వచ్చింది. రాక తప్పదు. గంట ఆలస్యం, రూటు కాని వీధిలోకి బస్సు. సంజాయిషీ రాయమన్నారు. నా రాత బాగుంటుంది, మేనత్త నేర్పింది. ఒక పేజీ రాశాను. అరకు వైపు బస్సు ఆలస్యంగా వచ్చినందున విద్యార్థినికి కనెక్షను తప్పినదనీ, మానవతా దృష్టితో బస్సును నిలిపితిననీ, ప్రయాణికులు సహకరించిరనీ. చదివినవాళ్లు మెచ్చుకున్నారు. అందులో ఒక్క అబద్ధం లేదు. నిజమూ లేదు.

ఇటు వరసగా పరీక్షలు. పరీక్ష ఉన్న పొద్దున్న ఆ పిల్ల జంక్షన్లో నా బస్సెక్కేది. దిగేటప్పుడు "థాంక్సండి మేడమ్" అని చేతులు జోడించేది. ఒక్కో దండం నాకు ఒక్కో మెమో.

మరుసటి సంత రోజే ఆఖరి పరీక్ష. అదే రోజు పదకొండింటికి డిపో మేనేజరుగారు నన్నూ డ్రైవరుగారినీ పిలిపించారు. వెళ్లేసరికి ఆయన గది బయట అవ్వ నేల మీద కూర్చుని ఉంది. పక్కన తెల్లచొక్కాయన. ఇంకో ముగ్గురు ఆడవాళ్లు. నా తరఫున మాట్లాడటానికి వచ్చారట. ఎవరు చెప్పారో తెలియదు. కొండ మీద కబురుకి ఫోను సిగ్నలు అక్కర్లేదు.

తెల్లచొక్కాయన అవ్వని వెంటబెట్టుకుని లోపలికి వచ్చి నన్ను ఆకాశానికి ఎత్తేశాడు. కోర్టుకి వెళ్లీ వెళ్లీ మాట బాగా వచ్చు. మేనేజరుగారు విని, అవ్వ వైపు తిరిగారు.

"నువ్వేమంటావమ్మా? ఈ కండక్టరమ్మ ఏ తప్పూ చెయ్యలేదంటావా?"

"సేసింది," అంది అవ్వ.

తెల్లచొక్కాయన గభాలున ఆవిడ వైపు తిరిగాడు.

"ఆగడం తప్పు కాదు బాబూ. ఎల్లిపోడం తప్పు. మూడు బస్సులూ కలిత్తే గాని కదలకూడదు. మా అమ్మ కాలం నుంచి అంతే. అటేపు హారను నాకినిపించినాది. ముసిల్దాన్ని, నాకే ఇనిపించినాది. ఈయమ్మకి ఇనపడదేటి? గంట కొట్టీసింది." నా వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. బుట్ట కాలికి తగిలితే పక్కకి జరిపినట్టు చెప్పింది. "దానికి అడగండి ఈయమ్మని. ఆగినదానికి అడక్కండి."

మేనేజరుగారు నా సంజాయిషీ చేతిలోకి తీసుకున్నారు. "ఇందులో ఈ సంగతి లేదేం?"

"లేదండీ," అన్నాను. "అవ్వ చెప్పింది నిజం. హారను విన్నాను. మెమోకి భయపడి గంట కొట్టాను."

ఆ మాట అనగానే ఎంత తేలికైందో చెప్పలేను. వారం రోజులుగా నా మెడలో ఉన్న బరువుని ఆ చదువులేని తల్లి తీసి బల్ల మీద పెట్టేసింది. నన్ను మెచ్చుకున్నవాళ్లందరికీ కృతజ్ఞురాలినే. కానీ దీపం దగ్గర ముందు గుర్తొచ్చేది ఆవిడే.

మేనేజరుగారు నా సంజాయిషీ మడిచి పక్కన పెట్టారు. తర్వాత అన్నయ్యగారిని అడిగారు, "మామూలుగా ఎన్ని నిమిషాలు ఆగుతారయ్యా అక్కడ?"

"అందరూ వచ్చేదాకా సార్," అన్నారు అన్నయ్యగారు.

"నిమిషాల్లో చెప్పు."

"చార్టులో రాస్తానంటే చెప్తాను సార్."

మేనేజరుగారు నవ్వలేదు, తిట్టనూ లేదు. నా రికార్డులో హెచ్చరిక ఒకటి రాశారు, అది రిటైరయ్యేదాకా ఉండిపోయింది. రూటు మాత్రం మార్చలేదు. నెల తర్వాత వచ్చిన కొత్త చార్టులో జంక్షన్ దగ్గర పావుగంట హాల్టు ఉంది. కారణం ఏమని రాశారో నాకు తెలియదు. మీలో ఆ రూటుకి వెళ్లినవాళ్లు ఆ పావుగంట ఎందుకని విసుక్కుంటున్నారని విన్నాను. అందుకే ఇంత పొడుగున రాయాల్సి వచ్చింది.

డిపోలోంచి నేరుగా స్కూలు గేటు దగ్గరికి నడిచాను. పన్నెండున్నర దాటింది. పిల్లలు గుంపుగా బయటికి వచ్చి కేకలు వేస్తున్నారు, ఆఖరి పరీక్ష కదా. ఆ పిల్ల ఒక్కతే గోడ వారన వస్తోంది. నన్ను చూసి ఆశ్చర్యపోయింది. మళ్లీ చేతులు జోడించబోయింది. రెండు చేతులూ పట్టుకుని ఆపేశాను.

"నువ్వు నాకు దండం పెట్టకమ్మా. ఆ రోజు మీ బస్సు హారను నాకు వినపడింది. వినపడినా గంట కొట్టి వెళ్లిపోయాను. నిన్ను రోడ్డు మీద వదిలేసింది నేనే."

"తెలుసండి," అంది.

"ఎలా తెలుసు?"

"మా బస్సు వంపు తిరుగుతుంటే కిటికీలోంచి చూశానండి. మీరు మెట్టు మీద నిలబడి ఉన్నారు. మా వైపే చూసి లోపలికెళ్లారు. అప్పుడు బస్సు కదిలింది."

"తెలిసీ రోజూ థాంక్స్ ఎందుకు చెప్పావే?" అన్నాను.

ఆ పిల్ల ఆలోచించింది. జవాబు తెలిసిన ప్రశ్నే వచ్చినట్టు నెమ్మదిగా చెప్పింది.

"ఎల్లిపోయే బస్సులు మాకు రోజూ ఉంటాయి మేడమ్. ఎల్లిపోయి మళ్లీ ఆగిన బస్సు అదొక్కటే చూశాను."

ఇద్దరం కలిసి బస్సు స్టాండుకి నడిచాం. కొండకి వెళ్లే మా బస్సు సంత నుంచి తిరిగి వెళ్లేవాళ్లతో కిక్కిరిసి ఉంది. అవ్వ ఖాళీ బుట్ట ఒళ్లో పెట్టుకుని ముందు సీటులో కూర్చుని, "బేగి ఎక్కండి," అంది, ఏమీ జరగనట్టు. సీట్లు లేవు. కండక్టరు సీటులో ఆ పిల్లని కూర్చోబెట్టాను. వద్దు మేడమ్ వద్దు అంటూనే కూర్చుంది. రెండో మలుపుకల్లా తల కిటికీకి ఆనించి నిద్రపోయింది. జంక్షన్ దాకా నేను నిలబడే టికెట్లు కొట్టాను.